సర్వర్‌కి చేరని గొంతు

"ఫోను దొరికింది ఇక్కడే," అన్నాడు సైబర్ ఇన్‌స్పెక్టర్, లిఫ్టు మోటారు మీది ఇనప మూత చూపిస్తూ. "నిన్న సాయంత్రం ఆరూ పదికి. స్విచాఫ్ చేసి ఉంది. ఇంక చూడ్డానికేం లేదు మేడం, దిగిపోదాం."

డిటెక్టివ్ దిగిపోలేదు. ఎనిమిదో అంతస్తు పైన, డాబా మీద అగ్గిపెట్టెలా ఉన్న ఆ మోటారు గదిలో ఒక నిమిషం నిలబడితేనే జాకెట్టు వీపుకి అతుక్కుపోతోంది. కిటికీ లేదు. గోడలు చేత్తో ముట్టుకుంటే కాలుతున్నాయి. మూత మీద వేలెడు దుమ్ము, ఆ దుమ్ములో ఫోనంత మేర శుభ్రంగా ఒక దీర్ఘచతురస్రం. పక్కన మెకానిక్ పనిముట్ల సంచీ, జిప్పు చివరిదాకా లాగి బుద్ధిగా కూర్చుని ఉంది.

ఆమె వంగి నేల చూసింది. పోలీసు బూట్ల గుర్తులు, వాటి కింద నున్నటి అడుగున్న చెప్పులో బూట్లో ఎవరివో. గళ్ల గళ్ల అచ్చు మాత్రం ఎక్కడా లేదు.

"మెకానిక్ బూట్లు గళ్లవని వాళ్లావిడ చెప్పింది. పైకొచ్చి పనిచేసిన మనిషి గాల్లో నడిచాడా?"

"మా వాళ్లు పదిమంది తొక్కారు. చెరిగిపోయుంటాయి."

"పదిమంది తొక్కినా ఆ నున్నటి అడుగులు చెరగలేదే!"

ఇన్‌స్పెక్టర్ ముఖం మాడ్చుకున్నాడు. అతనికి ఈవిడంటే మొదట్నుంచీ గిట్టదు. పదహారేళ్లు సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు నడిపి, ఆ తర్వాత డిటెక్టివ్ బోర్డు పెట్టిన మనిషి తనకి పాఠాలు చెప్పడమేమిటని అతని బాధ. ఎదురుగా మేడం అంటాడు, వెనకాల రిపేరమ్మ అంటాడు. వెనకాల అనేది కూడా ఆమెకి వినపడేటట్టే అంటాడు.

లిఫ్టు మెకానిక్ నిన్న పొద్దున తొమ్మిదీ యాభైకి ఈ ఆఫీసు భవనంలోకి వచ్చాడు. పదకొండూ ఐదుకి పని ముగిసినట్టు కంపెనీ యాప్‌లో నమోదైంది. మనిషి మాత్రం ఇంటికి చేరలేదు. ఇరవై ఏడు గంటలు దాటింది. ఇవాళ పొద్దున అతని భార్య డిటెక్టివ్ ఇంటి గుమ్మంలో నిలబడి, "మా ఆయన్ని వెతికిపెట్టక్కా" అని ఒక్క మాటే అంది. ఆ మాట అన్నప్పటినుంచీ డిటెక్టివ్‌కి ఒకటే భయం. బతికున్న మనిషిని వెతుకుతున్నామా అన్నదే ఆ భయం.

* * *

కింది అంతస్తులో లిఫ్టు కంపెనీవాళ్లు సామాన్లు పెట్టుకునే గదిలో ఇద్దరు వాళ్లకోసం ఎదురుచూస్తున్నారు. బల్ల ఇవతల మెకానిక్ భార్య, అవతల అతని సూపర్‌వైజర్. మధ్యలో పోలీసులు సీలు చేసిన ప్లాస్టిక్ కవరులో ఫోను. దాని పక్కన స్వాధీనపత్రం. ఫోను ఆవిడ పేరు మీద కొన్నది కాబట్టి ఆవిడ సంతకం పెడితేనే అది ల్యాబ్‌కి వెళుతుంది. డిటెక్టివ్ చెప్పేదాకా పెట్టనని ఆవిడ పట్టుపట్టింది.

టైము రెండూ ఐదు.

"చెల్లెమ్మా, సంతకం పెట్టమ్మా," అంటున్నాడు సూపర్‌వైజర్, గొంతులో తేనె పోసుకుని. "ఎంత తొందరగా పంపిస్తే అంత తొందరగా తెలుస్తుంది కదా. ఎక్కడికో పోయుంటాడు. కుర్రాడు మంచోడే, కానీ ఈమధ్య కాస్త చిరాగ్గా ఉంటున్నాడు."

"నిన్న మీరిక్కడికి ఎన్నింటికొచ్చారు?" డిటెక్టివ్ కుర్చీ లాక్కుంది.

"మధ్యాహ్నం పన్నెండు దాటాక. పొద్దున వేరే బిల్డింగులో ఉన్నాను. పదకొండూ ఐదుకి పనైపోయిందని నా ఫోనుకి మెసేజొచ్చింది."

"అతను చేస్తున్న పనేంటి?"

"మనుషులెక్కే లిఫ్టుకి నెలవారీ సర్వీసు. అంతే."

"సర్వీసు చేసేటప్పుడు ఏమేం ఫొటోలు తీయాలి?"

అడిగింది తన వృత్తి గురించి కాబట్టి సూపర్‌వైజర్ హుషారుగా చెప్పాడు. లిఫ్టు కింద గుంటలోకి దిగేముందు ప్రతివాడూ కరెంటు స్విచ్చి ఆఫ్ చేసి, దానికి తన సొంత తాళం వేసుకోవాలి. ఎంతమంది దిగితే అన్ని తాళాలు. మెకానిక్‌లకి ఎరుపు, సూపర్‌వైజర్లకి పసుపు. ఒకరి తాళం ఇంకొకరు తీయకూడదు, తాళంచెవి జేబులోనే ఉండాలి. తాళం వేశాక యాప్‌లో ఫొటో తీయాలి. చేతులకి గ్లౌజులు, గ్లౌజుల నిండా గ్రీజు, టైపు చేయడం కుదరదు కాబట్టి పని వివరాలు గొంతుతోనే రికార్డు చేయాలి.

"నొక్కడమైతే నొక్కుతాడు కానీ ఆపడం మర్చిపోతాడక్కా," అంది భార్య హఠాత్తుగా. "ఓసారి ఇంటికొచ్చాక కూడా నడుస్తూనే ఉంది. ఆయన గురక ఆఫీసుకెళ్లింది."

తను నవ్వబోయి, నవ్వు సగంలోనే ఏడుపు అవుతుంటే కొంగుతో నోరు నొక్కుకుంది. సూపర్‌వైజర్ కూడా నవ్వాడు. అతని కళ్లు మాత్రం ఫోను మీదే ఉన్నాయి.

డిటెక్టివ్ కవరు విప్పించింది. ముందుగా తన ఫోను స్టాండుకి పెట్టి, చేసేదంతా వీడియో తీయడం మొదలుపెట్టింది. తర్వాత మెకానిక్ ఫోను ఆన్ చేసింది. పిన్ను భార్యకి తెలుసు, చెప్పింది. ఫోను విమానం మోడ్‌లో ఉంది. గ్యాలరీ ఖాళీ. చాటింగులు ఖాళీ. కంపెనీ యాప్‌లో నిన్నటి పనుల జాబితా కూడా ఖాళీ. ఎవరో తీరిగ్గా కూర్చుని తుడిచేశారు.

"చూశారుగా. ఇంక మిగిలింది ఒకటే దారి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఫోన్ని రూట్ చేయాలి. అప్పుడే యాప్‌ల లోపలి ఫోల్డర్లు తెరుచుకుంటాయి."

"రూట్ చేయాలంటే ముందు బూట్‌లోడర్, అంటే ఫోన్ని నిద్రలేపే ప్రోగ్రాం, దాని తాళం తీయాలి. తీసిన మరుక్షణం ఫోను తనని తాను మొత్తం చెరిపేసుకుంటుంది. కొత్త ఫోనైపోతుంది. అప్పుడు ఏం చూస్తారు, కంపెనీ బొమ్మా?"

"ల్యాబ్‌లో వాళ్లకి తెలీదా?"

"తెలుస్తుంది. వాళ్లకి తెలిసి, వాళ్ల దగ్గర వరస వచ్చి, జవాబొచ్చేసరికి పది రోజులు. ఈ అమ్మాయి మొగుడికి పది రోజులున్నాయో లేదో మీరు చెప్పగలరా?"

ఇన్‌స్పెక్టర్ స్వాధీనపత్రం పక్కకి జరిపాడు.

సూపర్‌వైజర్ ముందుకి వంగాడు. "దీనికింత రాద్ధాంతం ఎందుకండీ? ఒక్కసారి నెట్ ఆన్ చేయండి. పంపకుండా ఆగిపోయిన ఫైళ్లేమన్నా ఉంటే అవే మా సర్వర్‌లోకి వచ్చేస్తాయి. నేను తీసి చూపిస్తాను."

"అదీ మాటంటే!" ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఫోను మీదికి వెళ్లింది.

డిటెక్టివ్ ఆ చేతిమీద ఠపీమని కొట్టింది. పోలీసు చేతిమీద కొట్టడం అదే మొదటిసారి.

"సర్వర్‌లోకి వెళ్లిపోయాక ఆ ఫైళ్లు ఫోన్లో ఉంటాయా?" అని సూపర్‌వైజర్ని అడిగింది.

"ఉండవు. చోటు వృథా కదా, యాప్ చెరిపేస్తుంది."

"సర్వర్‌లో ఎవరు చెరపొచ్చు?"

సూపర్‌వైజర్ కాస్త ఆలస్యంగా జవాబిచ్చాడు. "సూపర్‌వైజర్లు."

"పదకొండూ ఐదుకి పనంతా పూర్తయి రిపోర్టు చేరిపోయిందని మీరే చెప్పారు. మరి ఆగిపోయిన ఫైళ్లున్నాయని ఎందుకనుకున్నారు?"

"ఉంటాయేమోనని... మాటవరసకి అన్నాను." అతను గడియారం చూసుకున్నాడు. రెండూ ఇరవై రెండు. "నాకు అవతల పనుంది. మీరు కానివ్వండి. చెల్లెమ్మా, ధైర్యంగా ఉండు."

అతను లేచి వెళ్లిపోయాడు. నున్నటి తోలుబూట్లు. డిటెక్టివ్ వాటిని చూసింది, ఇన్‌స్పెక్టర్ని చూసింది. ఇన్‌స్పెక్టర్ కూడా వాటినే చూస్తున్నాడు. కానీ బూట్లని బట్టి మనిషిని పట్టుకుంటే ఊళ్లో సగంమందిని పట్టుకోవాలి.

* * *

"ఇప్పుడేం చేస్తారు?" ఈసారి అతని గొంతులో వెటకారం లేదు.

"ముందు మీరన్న దారి చూద్దాం." ఫోన్లో ఫైళ్ల యాప్ తెరిచి, యాప్‌లు సామాన్లు దాచుకునే ఫోల్డరులోకి వెళ్లింది. కంపెనీ యాప్ పేరు నొక్కితే తెర మీద ఒకే ఒక వాక్యం వచ్చింది. భద్రత కోసం ఈ ఫోల్డరు ఇక్కడ కనిపించదు.

"అదిగో, నేను చెప్పలా?"

"తలుపు మూసింది ఫోన్లోని యాప్‌లకి. కంప్యూటర్ పక్కనుంచి, ఫోను సొంతదారు ఒప్పుకుంటే, రూట్ అక్కర్లేకుండానే ఆ గదిలోకి చూడొచ్చు. అన్ని గదుల్లోకీ కాదు. యాప్ మరీ లోపల దాచుకున్నవి రావు. పంపాల్సిన ఫైళ్లు పెద్దవి కాబట్టి యాప్‌లు వాటిని సాధారణంగా బయటి గదిలోనే పెడతాయి."

చెప్పడమైతే ధీమాగానే చెప్పింది. పెట్టకపోయుంటే? ఆమె సెట్టింగుల్లోకి వెళ్లి, ఫోను వివరాల అడుగున ఉన్న బిల్డ్ నంబరు మీద వరసగా ఏడుసార్లు నొక్కింది. ఫోను పిన్ను అడిగింది. భార్య తనే కొట్టింది. డెవలపర్ల సెట్టింగులు తెరుచుకున్నాయి. కంప్యూటర్‌ని ఫోన్లోకి చూడనిచ్చే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, తన ల్యాప్‌టాప్ కేబులు ఫోనుకి గుచ్చింది.

ఫోను కీచుమని అరిచింది. తెర మీద పసుపురంగు త్రికోణం. ఛార్జింగు పోర్టులో తేమ ఉంది, కేబులు తీసేయండి.

ముగ్గురూ కళ్లప్పగించి చూశారు.

"తేమా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ పైగదిలో అప్పడాలు ఎండబెట్టొచ్చు."

"దొరికిన వెంటనే మీరు కవరులో సీలు చేశారు. అందుకే ఆరలేదు. అంటే ఈ ఫోను నీళ్లున్నచోట తడిసింది, దొరకడానికి కాసేపటి ముందే ఎవరో పైన పెట్టారు." ఆమె రబ్బరు తొడుగు ఊడదీసింది. లోపలి అంచున నల్లటి గ్రీజు, దానికింద సన్నటి నీటిపొర. "మీరు లిఫ్టు గుంటలో చూశారన్నారు. నీళ్లున్నాయా?"

"లేవు. పొడిగా ఉంది. టార్చి వేసి మూలమూలా చూశాం."

"ఏ లిఫ్టు గుంట?"

"సూపర్‌వైజర్ తెరిచి చూపించిందే. మనుషులెక్కేది."

డిటెక్టివ్ ఫోను చేతిలోకి తీసుకుంది. దూదిని పుల్లకి చుట్టి రంధ్రం తుడవడం మొదలుపెట్టింది. రిపేరు కొట్టులో వేలసార్లు చేసిన పనే. తుడిచి టేబులు ఫ్యానుకి ఎదురుగా పట్టుకుంది. రెండూ ముప్పై ఒకటి. మళ్లీ గుచ్చింది. కీచుమంది. మళ్లీ తుడిచింది. రెండూ ముప్పై ఏడు. గుచ్చింది. భార్య పక్కన కూర్చుని పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంటోంది.

రెండూ నలభై ఒకటికి ఫోను నోరు మూసుకుంది. ఈ కంప్యూటర్ని అనుమతించమంటారా అని అడిగింది.

"నువ్వే నొక్కమ్మా. నీ ఫోను."

ఆవిడ నొక్కింది.

డిటెక్టివ్ ల్యాప్‌టాప్‌లో ఒక వరస టైపు చేసింది. యాప్ ఫోల్డరు పేరు, దానికింద చిన్న చిన్న ఫోల్డర్ల పేర్లు బిలబిలమని వచ్చి నిలబడ్డాయి. ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి సగం లేచాడు. ఆఖరి ఫోల్డరు పేరు, పంపాల్సినవి. అందులో నాలుగు ఫైళ్లు. ఒక ఫొటో, మూడు రికార్డింగులు. యాప్ జాబితాలోంచి తుడిచినవాడికి, ఆ జాబితా వేరు, అసలు సరుకు వేరని వెంటనే తట్టలేదు. తట్టేసరికి ఫోను పోలీసుల కవరులో ఉంది.

నాలుగింటినీ ల్యాప్‌టాప్‌లోకి లాగేసి, ఇంకో కాపీ ఇన్‌స్పెక్టర్ పెన్‌డ్రైవులో వేసి, ముందుగా ఫొటో తెరిచింది.

నిన్న పదీ పన్నెండు. కరెంటు స్విచ్చి. దానికి రెండు తాళాలు. ఒకటి ఎరుపు. ఒకటి పసుపు. పైన గోడమీద తెల్ల రంగుతో రాసిన అక్షరాలు, సరుకుల లిఫ్టు.

"పన్నెండు దాటాక వచ్చానన్నాడు దొంగవెధవ," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మనకి వేరే లిఫ్టు గుంట చూపించాడు. పదకొండూ ఐదుకి పనైపోయిందని పెట్టింది కూడా తన ఫోన్లోంచి వీడే."

మొదటి రికార్డింగు నొక్కింది. పదీ ఇరవై. నీళ్లలో కాళ్లు కదుపుతున్న చప్పుడు, తర్వాత తీరికైన మగగొంతు. భార్య చటుక్కున బల్ల అంచు పట్టుకుంది.

"సరుకుల లిఫ్టు గుంట. చీలమండదాకా నీళ్లున్నాయి. ఫోను పక్క గట్టుమీద పెట్టాను. అడుగు స్ప్రింగులు రెండూ తుప్పు, తీసేశాను. కొత్తవి రాలేదు. తాడు చూశాను, పోగులు తెగి ఉన్నాయి. ఇది నడపడానికి లేదు. మళ్లీ చెప్తున్నా, నడపడానికి లేదు."

రెండోది. పదీ ముప్పై. ఈసారి రెండు గొంతులు, మొదటిది సూపర్‌వైజర్‌ది.

"సంతకం పెట్టెయ్యరా బాబూ. తాడు మార్చినట్టు రాసి బిల్లు కూడా పంపేశాను."

"మార్చలేదు కదా సార్. ఇందులో మనుషులు కూడా ఎక్కుతారు. తెగితే ఎవరు చస్తారు?"

"నువ్వు పెట్టకపోతే నేను పోతాను."

"అయితే పోండి సార్. నేను పెట్టను."

"ఈయనంతే," అంది భార్య గొణుగుతున్నట్టు. "ఇంట్లోనూ ఇంతే." ఆవిడ కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

మూడోది నొక్కడానికి డిటెక్టివ్‌కి భయమేసింది. నొక్కింది.

పదీ నలభై. ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు. ఒక అరుపు. నీళ్లలో బరువుగా ఏదో పడింది, ఆ నీళ్లు ఫోను మీదికి చిందిన చప్పుడు కూడా వినిపించింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నటి మూలుగు. నిచ్చెన మీద ఎవరో ఎక్కుతున్న అడుగులు. తాళం తిరిగింది. ఇంకో తాళం తిరిగింది. మెకానిక్ జేబులోంచి తీసిన చెవితో ఎర్ర తాళం తీస్తున్నాడన్నమాట. అప్పుడు పైనుంచి ఆ తేనెగొంతు.

"తాళం వేసుకోకుండా గుంటలోకి దిగాడని రాసుకుంటానులే. రేపు మూడింటికి ట్రయల్. నిండా బరువేసి, అడుగుదాకా దించి కూర్చోబెడతాం. లిఫ్టుని ఆపే స్ప్రింగులున్నాయో లేదో అప్పుడు నువ్వే చూసుకో."

ఏదో గుర్తొచ్చినట్టు అడుగులు మళ్లీ నిచ్చెన దిగాయి. ఒక చెయ్యి గరగరమని ఫోన్ని అందుకున్న శబ్దంతో రికార్డింగు ఆగిపోయింది.

ల్యాప్‌టాప్ మూలన టైము రెండూ యాభై మూడు.

భార్య అప్పటికే తలుపు దాటింది.

సరుకుల లిఫ్టు భవనం వెనకవైపు, చెత్తబుట్టలు పెట్టే సందులో ఉంది. ముగ్గురూ పరుగెత్తారు. తలుపు మీద మరమ్మతు అని అట్ట వేలాడుతోంది. డిటెక్టివ్ పక్కనున్న కరెంటు పెట్టె చూసింది. నిన్నటి ఫొటోలో స్విచ్చి కిందికి దించి ఉంది. ఇప్పుడు పైకి ఎత్తి ఉంది. పెట్టెకి బయటనుంచి పసుపు తాళం.

ఇన్‌స్పెక్టర్ పెట్టె తలుపు పట్టి గుంజాడు. రాలేదు. "పైన మోటారు గదిలో ఆపాలి!" అని అరిచి మెట్లవైపు దూకాడు. ఎనిమిది అంతస్తులు. ఎంత లావు మనిషి, ఎంత వేగంగా ఎక్కుతాడు?

భార్య మోకాళ్లమీద పడి, లిఫ్టు తలుపు రెక్కల మధ్య సందులో నోరు పెట్టి మొగుణ్ని పిలిచింది. "ఏవండీ! వింటున్నారా? ఏవండీ!"

కింద నిశ్శబ్దం. డిటెక్టివ్ ఆవిడ పక్కన కూర్చుని చల్లటి ఇనప రెక్కకి చెవి ఆనించింది. ఏమీ వినిపించలేదు. ఇరవై ఎనిమిది గంటలు, నీళ్లలో, దెబ్బతో. తను ఆలస్యం చేసిందా? కేబులుకీ దూదికీ ఫ్యానుకీ ఎన్ని నిమిషాలు పోయాయి?

అప్పుడు లోతునుంచి ఒక చప్పుడు వచ్చింది. పానాతో ఇనప పట్టా మీద కొట్టినట్టు, నీరసంగా, ఒక దెబ్బ. కాసేపాగి ఇంకొకటి.

"ఉన్నాడక్కా!" భార్య నవ్వుతూ ఏడుస్తూ ఆమె భుజం పట్టి ఊపేసింది. "ఉన్నాడు! మా ఆయన ఉన్నాడు!"

డిటెక్టివ్ రెక్కకి ఆనించిన చెవి తీయలేదు. ఆమె చెవికింద ఆ ఇనప రెక్క సన్నగా అదరడం మొదలుపెట్టింది. తల పైకెత్తి చూసింది. తలుపు పైన, ఇంతదాకా చీకటిగా ఉన్న, అంతస్తు నంబరు చూపించే గాజుముక్కలో ఎర్రగా ఎనిమిది వెలిగింది. కాసేపటికి అది ఏడయింది.